ఆపి చూడని సర్వరు

అప్‌డేట్ చేశాక సర్వరును రీబూట్ చేయాలా, సర్వీసులను రీస్టార్ట్ చేస్తే సరిపోతుందా? ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను ఎక్కువసార్లు అడిగింది ఇదే. అందరికీ ఒక్క మాటలో జవాబు కావాలి. ఒక్క మాటలో చెప్పేవాణ్ణి నమ్మకండి.

నేను పదిహేడేళ్లు చిక్కబళ్లాపురంలో ఒక ఆస్పత్రి సర్వరును చూసుకున్నాను. ఆ ఆస్పత్రికి బాగేపల్లిలో డయాలిసిస్ కేంద్రం, చింతామణిలో రక్తపరీక్షల ల్యాబు ఉండేవి. మూడు ఊళ్ల రోగుల వివరాలూ మా గదిలోని ఒక్క లినక్స్ యంత్రంలోనే ఉండేవి. ఆ ప్రశ్నకు నేను చాలా ఏళ్లు తప్పు జవాబు చెప్తూ వచ్చాను. దాని ఫలితం నా మీద పడి ఉంటే బాగుండేది. బాగేపల్లిలో గంగులమ్మ అనే మనిషి మీద పడింది. ఆమె ఒక మంగళవారం బెంచీ మీద కూర్చుని, ఊపిరి అందక, నాలుగు గంటలు నా యంత్రం కోసం ఎదురుచూసింది. కమాండ్లు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. నేను ఆ నాలుగు గంటల గురించి రాస్తాను.

జనరేటరు దగ్గర నేర్చుకున్నది

ముప్పై ఏళ్ల దాకా నాకు అక్షరం రాదు. ఆస్పత్రిలో జనరేటరు ఆపరేటరుగా చేరాను. ఎన్ని గంటలు నడిచింది, ఎంత డీజిలు పోశాను అన్నీ తలలోనే పెట్టుకునేవాణ్ణి. నెలాఖరులో ఆఫీసు గుమాస్తాకు నోటితో అప్పజెప్తే ఆయన రాసుకునేవాడు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. రాయడం రానివాడికి జ్ఞాపకం బాగా ఉంటుంది, వేరే దారి లేదు కనుక. ఆ తరువాత సాయంత్రం పూట వయస్కర శాలెకు, అంటే పెద్దవాళ్లకు చదువు చెప్పే బడికి, పోయి కన్నడ అక్షరాలు దిద్దాను. తెలుగు అక్షరాలు వాటి వెనకే వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం పుస్తకంలో నేర్వలేదు, కీబోర్డు మీద నేర్చాను.

అది ఎట్లా అంటే, సర్వరు పెట్టి పోయిన ఇంజినీరు బెంగళూరులో ఉండేవాడు. ఏదైనా ఆగితే ఫోన్ చేసి, "అక్కడ ఎవరున్నారు?" అని అడిగేవాడు. ఏ వేళకు అడిగినా ఉండేది నేనే, జనరేటరు నారాయణప్ప. ఆయన ఒక్కొక్క అక్షరం చెప్పేవాడు, నేను వెతికి ఒక్కొక్కటి నొక్కేవాణ్ణి. ఎస్, వై, ఎస్, టి. ఒక్క సర్వీసును రీస్టార్ట్ చేయడానికి మాకు పది నిమిషాలు పట్టేది. రెండేళ్లకు ఆయన చెప్పకముందే నొక్కేవాణ్ణి. నాలుగేళ్లకు ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. సర్వరు నా చేతికి అట్లా వచ్చింది. పరీక్ష రాసి రాలేదు.

జనరేటరుకు ఒక నియమం ఉంది. కరెంటు ఉన్నా సరే ప్రతి శుక్రవారం పది నిమిషాలు స్టార్ట్ చేయాలి. బ్యాటరీ దిగిందా, డీజిలు పైపులో గాలి పట్టిందా అన్నది కరెంటు పోయినప్పుడు తెలుసుకోకూడదు. ఆపరేషన్ బల్ల మీద మనిషి ఉన్నప్పుడు తెలుసుకుంటే ఏం లాభం? ఈ నియమం నాకు ఎవరూ చెప్పనక్కరలేదు, చేతికే తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రీస్టార్ట్ అంటే ఏమిటి, రీబూట్ అంటే ఏమిటి

అప్‌డేట్ చేసినప్పుడు డిస్కు మీద పాత ఫైలు పోయి కొత్త ఫైలు వస్తుంది. కానీ ఆ పాటికే నడుస్తున్న ప్రోగ్రాము పాత ఫైలును మెమరీలోకి తెచ్చుకుని ఉంటుంది. డిస్కు మీద మారిందని దానికి తెలియదు. పాతదాన్నే పట్టుకుని నడుస్తూ ఉంటుంది. అందులో దొంగలు జొరబడేందుకు ఉన్న కన్నం పూడ్చడానికే మీరు అప్‌డేట్ చేశారు, కన్నం మాత్రం అట్లాగే ఉంటుంది. ఆ ప్రోగ్రామును ఆపి మళ్లీ లేపితే కొత్త ఫైలును చదువుకుంటుంది. అది సర్వీసు రీస్టార్ట్. అన్నింటికీ అడుగున ఉండే కెర్నెల్ అట్లా కాదు. అది మారాలంటే యంత్రం మొత్తం ఆగి లేవాల్సిందే. అది రీబూట్.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. నాకు దెబ్బ తగిలితే గానీ తెలియనిది ఇంకొకటి ఉంది. సర్వీసును రీస్టార్ట్ చేయడం అంటే అంగడి తలుపు మూసి తెరవడం. గోడలు, కప్పు, సరుకు ఎక్కడివి అక్కడే ఉంటాయి. రీబూట్ అంటే అంగడిని మొత్తం విప్పేసి, కాగితం మీద ఉన్న ప్లాను చూసి మళ్లీ కట్టడం. మధ్యలో మీరు చేత్తో ఒక గోడ లేపి, దాన్ని ప్లానులో గీయకపోతే, మళ్లీ కట్టినప్పుడు ఆ గోడ ఉండదు. తలుపు ఎన్నిసార్లు మూసి తెరిచినా ఈ సంగతి బయటపడదు.

తలుపు మీది చాక్‌పీసు అంకె

సర్వరు గది తలుపు మీద రోజూ పొద్దున చాక్‌పీసుతో ఒక అంకె రాసేవాణ్ణి. సర్వరు ఆగకుండా ఎన్ని రోజులు నడిచిందన్న లెక్క అది. యంత్రాన్ని అడిగితే అదే చెప్తుంది. రెండు వందలు, మూడు వందలు, నాలుగు వందలు. అక్షరాలు ఆలస్యంగా నేర్చినవాడికి తన చేతి రాత తలుపు మీద కనిపిస్తే ఎట్లా ఉంటుందో మీకు చెప్పలేను. నర్సమ్మలు పోతూ వస్తూ చూసి, "ఏమప్పా, ఇంకా పడలేదా నీ గుర్రం?" అని ఎగతాళి చేసేవారు.

ఆయుధపూజ రోజు ఆస్పత్రిలో ప్రతి యంత్రాన్నీ ఆపి, తుడిచి, కుంకుమ పెట్టి, పూలు కట్టేవాళ్లం. అంబులెన్సును కూడా అరగంట నిలిపి కడిగేవాళ్లం. జనరేటరుకు ఆ రోజు నూనె మార్చేవాణ్ణి. సర్వరుకు మాత్రం నడుస్తుండగానే బొట్టు పెట్టేవాణ్ణి. ఆపవలసిన రోజు కూడా ఆపలేదని నాకు గర్వం. మా పెద్ద డాక్టరుకు అంతకంటే గర్వం. చూడవచ్చిన వాళ్లందరికీ ఆ తలుపు చూపించేవాడు. నెలనెలా అప్‌డేట్లు చేసేవాణ్ణి, సర్వీసులను రీస్టార్ట్ చేసేవాణ్ణి. కొత్త కెర్నెళ్లు డిస్కు మీద ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చునేవి, ఒక్కటీ నడిచేది కాదు. ఒకసారి డాక్టరుతో ఆ మాట అన్నాను. "నడుస్తా ఉండేదాన్ని ఎందుకు నిలిపేదప్పా?" అన్నాడు. నాకు కావలసిన మాట అదే. ఇంక అడగలేదు.

ఆ రోజుల్లోనే రికార్డులు పెరిగి జాగా చాలక కొత్త డిస్కు పెట్టించాను. డేటాబేసును దాని మీదికి మార్చి, డిస్కును నా చేత్తో ఒక కమాండు కొట్టి యంత్రానికి తగిలించాను, దాన్నే మౌంట్ చేయడం అంటారు. యంత్రం లేచినప్పుడు ఏ డిస్కును ఎక్కడ తగిలించుకోవాలో చెప్పే ఫైలు ఒకటి ఉంటుంది, ఎఫ్‌స్ట్యాబ్ అంటారు. అందులో ఒక్క వరస రాయాలి. రేపు రాద్దాం అనుకున్నాను. సర్వరు ఆగేది లేదు కదా, తొందరేమి? నోటుబుక్కులో కూడా రాయలేదు. నా తలలో ఉంటే ఉన్నట్టే అని ముప్పై ఏళ్ల అలవాటు.

ఇంకొక తప్పు కూడా ఒప్పుకుంటాను. బాగేపల్లిలో డయాలిసిస్ టెక్నీషియన్ షబ్బీరు, మురుగమల్ల ఊరి మనిషి, రోగికో కాగితం పెట్టి అన్నీ చేత్తో కూడా రాసుకునేవాడు. "సర్వరులో ఉంటే మళ్లీ కాగితం ఎందుకు? రెండు తడవలు రాసే కర్మ ఎవరికి?" అని మీటింగులో చెప్పి ఆ కాగితాలు మాన్పించింది నేనే. నాకు రాయడం కష్టం కనుక అందరికీ కష్టమే అనుకున్నాను.

ఆ మంగళవారం

తెల్లవారుజామున కరెంటు పోయింది. జనరేటరు ఎప్పటిలాగే లేచింది. కరెంటు పోవడానికీ జనరేటరు లేవడానికీ మధ్య అర నిమిషం ఉంటుంది, ఆ అర నిమిషం మోయవలసింది యూపీఎస్. దాని బ్యాటరీ మోయలేదు. సర్వరు పడింది. నాలుగు వందల ముప్పై రోజుల తరువాత మొదటిసారి తనంతట తాను లేవడం మొదలుపెట్టింది.

ఆరున్నరకు షబ్బీరు ఫోన్ చేశాడు.

"నారాయణప్పా, యాడుండావు? ఇక్కడ స్క్రీను మీద ఏమీ రాలేదు."

"కరెంటు పోయింది షబ్బీరూ. లేస్తాండాది. పది నిమిషాలు."

"నీ పది నిమిషాలంటే పదేనా? ఆరు మంది కూర్చోనుండారు. గంగులమ్మ వచ్చిండాది. పోయిన శుక్రవారం శెనక్కాయ పెరకల్లని రాలేదు. ఏడు దినాలాయె. కాళ్లు చూడల్ల నువ్వు, వాచిపోయి మెట్టెలు కనపడకుండాయి."

గంగులమ్మది చేలూరు వైపు పల్లె. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, మొదటి బస్సుకు వచ్చేది. ఆమె కిడ్నీలు పనిచేయవు కనుక ఒంట్లో చేరిన నీరు మిషనే తీయాలి. ఒక వాయిదా తప్పితే ఆ నీరు ఊపిరితిత్తుల దాకా వస్తుంది. డయాలిసిస్ అయ్యాక మనిషి ఎంత బరువుకు దిగాలో డాక్టరు ఒక అంకె వేస్తాడు. ఎంత నీరు తీయాలో ఆ అంకెను బట్టే మిషనుకు చెప్తారు. రక్తపరీక్షను బట్టి ఎవరిని ఏ మిషను మీద పెట్టాలో కూడా ఉంటుంది. ఒకరి రక్తంలోని జబ్బు ఇంకొకరికి పోకూడదు కదా. ఇవన్నీ సర్వరులోనే ఉన్నాయి. కాగితాలు లేవు.

నేను పోయి చూస్తే డేటాబేసు లేవలేదు. నాకు తెలిసిన మందు ఒక్కటే, రీస్టార్ట్ కొట్టాను. లేవలేదు. మళ్లీ కొట్టాను. ఎనిమిదిసార్లు కొట్టి ఉంటాను. రికార్డులు ఉండవలసిన ఫోల్డరు తెరిచి చూస్తే ఖాళీ. మూడు ఊళ్ల రోగులు, ఎన్నో ఏళ్ల రాత, ఏమీ లేదు. కుర్చీలో కూర్చున్నాను. డిస్కు కాలిపోయిందనుకున్నాను, ఎవరో దొంగలు జొరబడ్డారనుకున్నాను. నేనే కారణం అని మాత్రం మూడు గంటలు తట్టలేదు.

ఎనిమిదిన్నరకు మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి షబ్బీరు చేతిలోంచి గంగులమ్మ ఫోన్ లాక్కుంది. మాటకు మాటకు మధ్య ఊపిరి పీల్చుకుంటోంది.

"ఏమప్పా, నా తూకం... నాకు తెల్దా? నలభై ఆరున్నర. కిటికీ పక్క మిషను. ఈ షబ్బీరుకు చెప్పు... మొదలుపెట్టమని."

వెనక నుంచి షబ్బీరు గొంతు వినిపించింది. "నోటిమాట మీద నేను సూది గుచ్చనమ్మా."

"మూడేండ్లుగా వస్తాండా. నీ కంప్యూటరు కంటే... నాకే బాగా గుర్తుండాది."

ఆమె మాట నేను నమ్మాను. నేనూ అట్లాంటి మనిషినే కదా. రాయడం రాని మనిషి లెక్క తప్పదు అని నా ప్రాణం చెప్తోంది. పెద్ద డాక్టరు నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన గడియారం చూసి, "పదకొండు లోపల రాకపోతే ఆమెను బెంగళూరుకు పంపిస్తా" అన్నాడు. ఆ ఒంటితో అంత దూరం అంబులెన్సులో పోవడం ఆమెకు ఎంత ప్రమాదమో ఆయన ముఖంలోనే ఉంది.

తొమ్మిదిన్నరకు డిస్కు సంగతి గుర్తుకొచ్చింది. చేత్తో తగిలించాను, లేచినప్పుడు తగులుకోలేదు, అంతే. ఫోల్డరు ఖాళీగా ఉండడానికి కారణం అదే. గుండె కుదుటపడింది. కానీ ఆ రోజు ఏ కమాండు కొట్టానో గుర్తు లేదు. పాత కమాండ్ల చిట్టా వెతికాను. ఆ చిట్టా ఫైలులోకి ఎక్కేది మనం లాగౌట్ అయినప్పుడు. నేను నెలల తరబడి లాగౌట్ కాలేదు. ఆ చిట్టా కూడా మెమరీలోనే ఉండి, కరెంటుతో పాటే పోయింది.

రెండో డిస్కు అని మాత్రం గుర్తుంది. రెండో డిస్కును మౌంట్ చేశాను. డేటాబేసు లేచింది. పేర్లు వచ్చాయి. డాక్టరు నా భుజం తట్టాడు. బాగేపల్లికి ఫోన్ చేసి, "వచ్చింది చూడు షబ్బీరూ" అని అరిచాను.

"వచ్చిండాది. గంగులమ్మ, నలభై ఆరున్నర, కిటికీ పక్క మిషను."

"చెప్పినానా?" అని గంగులమ్మ గొంతు వినిపించింది.

"పెట్టు, పెట్టు" అన్నాను.

షబ్బీరు పెట్టలేదు. తరువాత నెమ్మదిగా అన్నాడు. "నారాయణప్పా, పోయిన మంగళవారం నేను రాసింది యాడ పోయింది? ఇందులో కడాపటి తేదీ పోయిన నెలది."

నేను తగిలించింది నెలకొకసారి మొత్తం కాపీ తీసి పెట్టే బ్యాకప్ డిస్కు. యంత్రం లేచిన ప్రతిసారీ డిస్కులను అదే వరసలో లెక్కపెట్టాలని లేదు. నా తలలోని రెండో డిస్కు ఈ రోజు మూడోది అయింది. అన్నీ ఆపి, సరైన డిస్కు వెతికి తగిలించేసరికి పదిన్నర దాటింది. ఈసారి నేను అరవలేదు. "తేదీ చూడు" అన్నాను.

"పోయిన మంగళవారం. సరిపోయింది." ఇంకా కిందికి చదివాడు. "అప్పా, ఇక్కడ నలభై ఐదు ఉండాది."

పోయిన మంగళవారం బాగేపల్లికి వచ్చిన కిడ్నీ డాక్టరు ఆమె అంకెను కిలోన్నర తగ్గించాడు. ఆమె మిషను దిగి, బస్సుకు వేళయిందని సంచి సర్దుకుంటున్నప్పుడు చెప్పాడట. రాసింది షబ్బీరే, కానీ ఆరుగురిలో ఎవరిది ఎంత మార్చారో అతనికి మాత్రం గుర్తుంటుందా? ఆమె తలలో పాత అంకే ఉంది. నా పాత డిస్కులోనూ అదే ఉంది. రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి, రెండూ పాతవే.

పదకొండుకు పది నిమిషాల ముందు ఆమెను మిషను మీద పెట్టారు.

డాక్టరు అడిగిన ఒక్క మాట

చాలా మంది పైవాళ్ల దగ్గర పనిచేశాను. అరిచేవాళ్లను రెండు రోజుల్లో మరిచిపోతాం. పెద్ద డాక్టరు ఆ రోజు అరవలేదు. మధ్యాహ్నం టీ తాగుతూ, "ఆ కిలోన్నర నీళ్లు ఉండిపోయి ఉంటే రాత్రికి ఆమె పడుకోలేకుండె. కూర్చోనే ఊపిరి తీయల్ల. గుండె తట్టుకుంటుండెనో లేదో" అన్నాడు. నేను తల వంచుకున్నాను. తరువాత అడిగాడు.

"నారాయణప్పా, కరెంటు ఉన్నా శుక్రవారం శుక్రవారం జనరేటరు ఎందుకు స్టార్ట్ చేస్తావు?"

"లేస్తాదో లేదో చూసేకి సార్."

"ఊ" అని టీ గ్లాసు పెట్టి లేచిపోయాడు.

అంతే. నడుస్తా ఉండేదాన్ని ఎందుకు నిలిపేదని అన్నది తనే అని ఆయనకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు. నేను పోయి తడిగుడ్డతో తలుపు మీది అంకె తుడిచేశాను.

ఎఫ్‌స్ట్యాబ్‌లో ఆ ఒక్క వరస రాశాను. రెండో డిస్కు, మూడో డిస్కు అని రాయలేదు. ప్రతి డిస్కుకూ దానిదే అయిన పొడుగాటి గుర్తింపు నంబరు ఉంటుంది, అది రాశాను. రాసి ఊరుకోలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం, మూడు చోట్లా పని లేని వేళ చూసి, అందరికీ ముందుగా చెప్పి, కావాలని రీబూట్ చేశాను. అయిదు నిమిషాలు పట్టింది. నా పెళ్లిలో కూడా అంత చెమట పట్టలేదు.

అంతకు ముందే శుక్రవారం బాగేపల్లికి పోయాను. గంగులమ్మ మిషను మీద పడుకుని ఉంది. తప్పు నాదే అని చెప్పాను.

"నీ మిషను నిద్ర లేచేలోపల నేను పోయుంటినే" అంది. "ఏడు దినాలు ఎగ్గొట్టింది నేనే లే. సగం నీది, సగం నాది."

షబ్బీరు కాగితాలు మళ్లీ పెట్టాడు. ఈసారి ప్రతి రోగి చేతికీ ఒక అట్టముక్క ఇచ్చాము. పేరు, మిషను, బరువు, మార్చిన తేదీ. గంగులమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకెందుకప్పా ఇది? చదివేకి వస్తాదా ఏమన్నానా?"

"నాకూ ముప్పై ఏండ్ల దాకా రాలేదమ్మా."

"నువ్వు మొగోడివి, ఆఫీసులో కూర్చుంటివి" అని అట్టముక్కను సంచిలో కుక్కేసింది.

రీబూట్ చేస్తే డౌటుండదు

నా తరువాత సర్వరు చూసుకోవడానికి చింతామణి నుంచి అశ్విని అనే ఇంజినీరు వచ్చింది. తెలివిగలది. ఆమె తప్పు నా తప్పుకు తిరగబడ్డ తప్పు. దేనికైనా రీబూటే. ఒక బుధవారం పది గంటలకు, గడియారం సవరించే చిన్న ప్యాకేజీ ఏదో అప్‌డేట్ చేసి, నన్ను అడగకుండా రీబూట్ కొట్టింది. నాలుగు నిమిషాలే. ఆ నాలుగు నిమిషాల్లో చింతామణి ల్యాబులో లేబుళ్లు రాక, ఎవరి రక్తం ఏ సీసాలో ఉందో తేలక, ఆరు సీసాలు పారబోశారు. అందులో ఒకటి, నరం దొరకక మూడు చోట్ల గుచ్చించుకున్న ఒక ముసలాయనది.

"సార్, రీబూట్ చేస్తే డౌటుండదు కదా" అంది.

"నీకు డౌటు పోయింది. ఆయప్పకు ఇంకో సూది పడింది."

ముఖం మాడ్చుకుంది. రెండు రోజులు మాట్లాడలేదు. తరువాత తనే వచ్చి, "అయితే ఎట్ల చేయల్ల చెప్పండి" అంది. ఆమెకు చెప్పిందే మీకూ చెప్తాను.

అప్‌డేట్ అయ్యాక ఊహించవద్దు, యంత్రాన్నే అడగండి. తీసేసిన పాత ఫైళ్లను ఇంకా పట్టుకుని ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించే పనిముట్లు ఉన్నాయి. ఒకటో రెండో సర్వీసులైతే వాటినే రీస్టార్ట్ చేయండి, చేశాక మళ్లీ అడిగి చూడండి. కెర్నెల్ మారినా, అన్ని ప్రోగ్రాములూ ఆధారపడే సి లైబ్రరీ వంటిది మారినా రీబూటే మేలు. అది ఎప్పుడు చేయాలన్నది యంత్రం చెప్పదు. ఆ వేళకు ఎవరి చేతిలో సూది ఉంది, ఎవరు బెంచీ మీద కూర్చున్నారు అని మూడు చోట్లకూ ఫోన్ చేసి అడగాలి. అవసరం లేదనిపించినా నెలకొకసారి, అందరూ మెలకువగా ఉండి, పని తక్కువగా ఉన్న వేళ రీబూట్ చేసి చూడండి. ఎన్ని రోజులు ఆగకుండా నడిచిందన్నది గొప్ప కాదు. అన్ని రోజులుగా అది లేస్తుందో లేదో మీకు తెలియదని దానికి అర్థం.

చేత్తో చేసిన ప్రతి పనినీ అదే రోజు రాయండి. మీకు గుర్తుంటుందని నాకు తెలుసు. నాకూ గుర్తుండింది, రెండో డిస్కు అని.

చివరి రీబూట్

నేను పని విడిచే వారం, ఆదివారం మధ్యాహ్నం రీబూట్ ఉంది. సన్మానం, శాలువా అన్నీ శనివారమే అయిపోయాయి. నాకు నిజమైన పరీక్ష ఇదే. అశ్వినికి నా నోటుబుక్కు ఇచ్చాను. కన్నడ, తెలుగు, ఇంగ్లీషు కలగాపులగంగా నా వంకర అక్షరాలు.

"నేను పోయి జనరేటరు గది మెట్టు మీద కూర్చుంటా. నన్ను ఏమీ అడగగూడదు. ఇందులో ఉండేదే నువ్వు చేయల్ల. లేకపోతే లేదు."

"లేవకపోతే?"

"సోమవారం దాకా టైముండాది. మంగళవారం గంగులమ్మ వస్తాది."

మెట్టు మీద కూర్చున్నాను. అయిదు నిమిషాలు కావలసింది పదిహేను అయింది. ఇరవై అయింది. లేచి పోదామని రెండుసార్లు కాళ్లు లేచాయి. పోతే నేను నేర్పింది ఏమిటి? ఏ పేజీలో ఏం మరిచానో తలలో తిరగేసుకుంటూ కూర్చున్నాను. అరగంటకు అశ్విని బయటికి వచ్చింది. చేతిలో నోటుబుక్కు.

"లేచింది సార్. మూడు చోట్లా చూసినాను, తేదీలు సరిగా ఉండాయి. పదమూడో పేజీలో ఒక స్టెప్పు మీరు రాయనే లేదు. నేను కనిపెట్టి రాసినాను."

పేజీ తెరిచి చూశాను. నా వంకర అక్షరాల మధ్య రెండు వరసలు, గుండ్రటి రాత. ప్రతిసారీ చేత్తో చేసి, చేస్తున్నానని కూడా తెలియకుండా చేసిన పని ఒకటి. దాన్ని నేను ఎన్నడూ రాసి ఉండేవాణ్ణి కాదు.

మంగళవారం అలవాటుగా ఆరుకే మెలకువ వచ్చింది. ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆరున్నర అయింది, ఏడు అయింది. ఎవరూ చేయలేదు. ఏడున్నరకు ఆగలేక నేనే షబ్బీరుకు చేశాను.

"గంగులమ్మ ఎక్కిందా?"

"ఎక్కి గంటాయె. ఏమప్పా, రిటైరు కాలేదా నువ్వు?"

"తూకం ఎంత పెట్టినారు?"

షబ్బీరు జవాబు చెప్పేలోపలే అవతల నుంచి ఆమె గొంతు వినిపించింది. "ఆ ఫోను ఇట్లియ్యి" అంది. సంచిలోంచి అట్ట తీసిన చప్పుడు. తరువాత ఒక్కొక్క అంకే విడిగా, ఆగి ఆగి వచ్చింది.

"నాలుగు. నాలుగు. చుక్క. ఐదు." ఊపిరి పీల్చుకుంది. "మొన్న మళ్లీ మార్చినారు. నోటిమాట కాదప్పా, అట్ట చూసి చెప్తాండా. అంకెలు నువ్వొక్కడివే నేర్చల్లనా?"